మామయ్య రాయించిన దద్దుర్ల పుస్తకం

మా మామయ్యను టైమెంత అని అడగకూడదు. "ఏ గడియారంలో?" అంటాడు. అది వెటకారం కాదు. ఇంటి ముందుగదే ఆయన రిపేరు దుకాణం. మూడు గోడలకూ ముప్ఫై నాలుగు గడియారాలు వేలాడుతుంటాయి. రిపేరుకు వచ్చినవి కాబట్టి దేని టైము దానిదే. కొత్తగా లోపలికి వచ్చినవాళ్ళకు పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం మూడూ ఒకేసారి కనబడతాయి. అసలు టైము మామయ్య ఎడమచేతి మణికట్టు మీద మాత్రమే ఉంటుంది. ఎవరైనా "అయిదున్నర ప్రాంతంలో వచ్చి తీసుకెళ్తా" అంటే, "ప్రాంతం వద్దు, టైము చెప్పండి" అంటాడు.

ఆయన వృత్తికి ఒకటే సూత్రం. ఆగిన గడియారంలో ఒక్క మర మాత్రమే కదిపి చూడాలి. రెండోది కూడా ముట్టుకుంటే జబ్బు ఎక్కడ ఉందో దేవుడు కూడా చెప్పలేడు. ఎం.ఏ. చదువుకోడానికి నేను వాళ్ళ మేడమీద గదిలో దిగిన మొదటి వారమే నాకీ పాఠం అయింది. గడియారాలు బాగుచేసే ఉద్దేశం నాకు లేదని చెప్పే ధైర్యం చాలక పూర్తిగా విన్నాను.

ఆయనకు ఒక్కతే కూతురు, ఆరేళ్ళది. పుట్టిన కొత్తలో రోజూ తెల్లవారకముందే నాలుగుంబావుకు ఠంచనుగా ఏడ్చేదట. అప్పటినుంచి అందరికీ అది అలారమే. అసలు పేరు స్కూలు రిజిస్టరులో భద్రంగా ఉంది.

అలారానికి నాలుగో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. మొదటిసారి పిల్లను డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళినప్పుడు, ఎంతసేపు వచ్చింది అని ఆవిడ అడిగింది. ఇంకొకరైతే "చాలాసేపండీ, మా ప్రాణాలు పోయాయి" అనేవారు. మామయ్య మాత్రం "నిమిషం నలభై రెండు సెకన్లు. కుడిచెయ్యి మొదలుపెట్టింది, ఎడమది పదకొండు సెకన్ల తరవాత కలిసింది" అన్నాడు. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి ఆయన్ని తలెత్తి చూసింది. "తండ్రులందరూ మీలా ఉంటే నా పని సగం తగ్గిపోయేది" అంది. ఆ మాటను మామయ్య పతకంలా దాచుకున్నాడు. పొద్దున్న ఏడున్నరకు, సాయంత్రం ఏడున్నరకు వెయ్యమని ఆవిడ ఒక సిరప్ రాసింది. దానితో ఫిట్స్ బాగా తగ్గాయి. చివరి ఏడాది ఒక్కటి కూడా రాలేదు.

అంతా కుదురుకుంది అనుకుంటున్నప్పుడు దద్దుర్లు వచ్చాయి.

అప్పటికి చిన్న మామయ్య ఇంటినుంచి అమ్మమ్మ వచ్చి పదిరోజులైంది. ఒకరోజు సాయంత్రం అలారం వీపంతా ఎర్రగా తట్లు తేలాయి. గంటలో మాయమయ్యాయి. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చాయి. మామయ్య కొత్త నోట్‌బుక్ ఒకటి కొని నా చేతిలో పెట్టాడు.

"కోడలు పిల్లా, నీ రాత ముత్యాల్లా ఉంటుంది. అలారం ఏం తిన్నదీ, ఎప్పుడు తిన్నదీ, దద్దురు ఎప్పుడు లేచిందీ, ఎప్పుడు అణిగిందీ, అన్నీ రాయాలి. సెకన్లు అక్కర్లేదు."

సెకన్లు అక్కర్లేదనడం ఆయన నాకు చేసిన ఉపకారం.

ఆ పుస్తకం అలా బల్లమీద ఉంటే నష్టం లేకపోయేది. కానీ దుకాణానికి వచ్చినవాళ్ళు అదేమిటని అడిగేవాళ్ళు. మామయ్య చెప్పేవాడు. ఇక సలహా ఇవ్వకుండా వెళ్ళేంత మర్యాద లేనివాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు. గోడగడియారం తెచ్చినావిడ, "గుడ్డు మానిపించండి, మా ఆడపడుచు కొడుక్కి అదే" అంది. వాచీ పట్టీ మార్పించుకోడానికి వచ్చినాయన వేరుశనగ అన్నాడు. బ్యాటరీ వేయించుకోడానికి వచ్చిన కుర్రాడు పాలు, పెరుగు, బ్రెడ్డు అని మూడు చెప్పి, బ్యాటరీ వేయించుకోకుండానే వెళ్ళిపోయాడు. మామయ్య ఒక్కటీ కాదనలేదు. పుస్తకం చివరిపేజీలో 'వద్దు' అని శీర్షిక పెట్టించి, విన్నవన్నీ వరసగా రాయించాడు. వంకాయ, చేప, నారింజ, ఆపిల్, చాక్లెట్ కూడా వెళ్ళిపోయాయి. బిస్కెట్లను మాత్రం ఏ రకానికారకం విడివిడిగా బహిష్కరించాడు.

"ఇంతకీ నేనేం తినాలి నాన్నా?" అని అడిగింది అలారం.

"అన్నం, ఉప్పు, ఉడికించిన బంగాళాదుంప."

"రేపు?"

"అదే."

"ఎల్లుండి?"

"మారుస్తా. బంగాళాదుంప, ఉప్పు, అన్నం."

అలారం పుస్తకాన్ని నా చేతిలోంచి లాక్కుని, దాని మీద కూర్చుంది. దాన్ని లేపడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. అది కూడా నాచేత రాయించాడు.

మా అత్తయ్య స్కూలు యూనిఫారాలు కుట్టే పెద్ద షాపులో కటింగ్ మాస్టరు. రోజుకు రెండొందల నిక్కర్ల గుడ్డ కోస్తుంది. ఆవిడకు మాటలకన్నా టేపు మీద నమ్మకం ఎక్కువ. రెండు నెలలు ఊరుకుంది. ఒక పొద్దున్న అలారానికి స్కూలు గౌను తొడుగుతూ నడుము దగ్గర గుడ్డను వేళ్ళతో పట్టి చూసి, టేపు తీసింది.

"అంగుళమున్నర తగ్గింది. ఎదిగే పిల్ల నడుము తగ్గడం నేనెక్కడా చూళ్ళేదు. ఏమండీ, మీ పుస్తకంలో దీనికి గడి ఉందా?"

"దద్దుర్లకి కారణం దొరికిందాకా ఓపిక పట్టు."

"దొరికేలోగా పిల్ల మాయమయ్యేట్టుంది."

మూడో నెలలో ఒకనాడు అలారం బంగాళాదుంపను చూడగానే ఏడ్చి, ఏమీ తినకుండా పడుకుంది. ఆకలికి సరిగా నిద్రపోలేదు. మర్నాడు పొద్దున్న బూట్లు వేసుకుంటూ వేసుకుంటూ ఉన్నట్టుండి ఒకేవైపు చూస్తూ ఉండిపోయింది. చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. మామయ్య పిల్లను చాపమీద పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. మెడ దగ్గర బొత్తాం విప్పి, పక్కనున్న పీట దూరంగా తోసి, వాచీ చూశాడు. "ముప్ఫై... నలభై... నిమిషం..." ఆయన గొంతు ఎక్కడా వణకలేదు. నిమిషం పద్దెనిమిది సెకన్లకు ఆగింది. పిల్ల నిద్రలోకి జారుకుంది. అత్తయ్య దాని తల నిమురుతూ కూర్చుంది. మామయ్య వెళ్ళి తన బల్ల ముందు కూర్చుని, ఆవగింజంత మరను పట్టకారుతో ఎత్తబోయాడు. మూడుసార్లు జారిపడింది. నాలుగోసారి ప్రయత్నించలేదు.

కాసేపటికి నన్ను పిలిచి, "టమాటా, రాయి" అన్నాడు.

"టమాటా ఏం చేసింది?" అంది లోపలినుంచి అత్తయ్య.

"నిన్న స్కూల్లో ఎవరో పిల్ల డబ్బాలోంచి ఓ ముక్క తిన్నదట."

"అది తిని పద్దెనిమిది గంటలైంది."

"పద్దెనిమిదిన్నర" అన్నాడు మామయ్య.

దాంతో పట్టీ ఇరవై రెండుకు చేరింది.

ఆ వారంలోనే శనివారం సాయంత్రం ఏడున్నరకు అలారం సిరప్ తాగింది. ఏడూ నలభై ఎనిమిదికి పై పెదవి లోపలినుంచి ఎవరో ఊదినట్టు వాచింది. ఒళ్ళంతా తట్లు లేచాయి. వాంతి కూడా అయింది. ఆటోలో దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాం. ఇంజెక్షన్ వేశారు, కాసేపు ఉంచుకున్నారు, వాపు దిగింది. ఇక భయం లేదని తెలిశాక అలారం ఆస్పత్రి అద్దంలో తనను చూసుకుని, "నేను బాతునయ్యాను" అని సంబరపడింది. అక్కడి డాక్టరు, "తిన్నదేదో పడలేదు. ఏం తిన్నదో చూసుకోండి" అన్నాడు.

"అన్నం, ఉప్పు, బంగాళాదుంప" అన్నాడు మామయ్య. ఆ డాక్టరు బంగాళాదుంపకు ఇలా అవడం ఎక్కడా వినలేదన్నాడు.

ఆదివారమంతా మామయ్య పుస్తకం తిరగేశాడు. సాయంత్రానికి కంటి అద్దం తీసి బల్లమీద పెట్టి, "దొంగ దొరికాడు" అన్నాడు. దద్దుర్లు వచ్చింది మొత్తం తొమ్మిదిసార్లు. తొమ్మిదిసార్లూ సాయంత్రమే. తొమ్మిదిసార్లూ సిరప్ తాగిన పదిహేను, ఇరవై నిమిషాల మధ్యే.

"సిరప్ పడటం లేదు. ఇవాళ్టినుంచి ఆపేస్తున్నా."

అత్తయ్య చేతిలో పని ఆపేసింది. "సీసా ఏదండీ?"

"ఉంది."

"ఎక్కడుందీ?"

"నా జేబులో."

"ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరమ్మ చెప్పలేదూ? మానితే ఫిట్స్ ఆగకుండా వస్తాయని చెప్పలేదూ?"

"పెదవి వాచింది నువ్వు చూడలేదూ? గడియారం అబద్ధం చెప్పదు."

"పొద్దున్నపూట కూడా అదే సిరప్ నేనే పోస్తున్నాగా. పొద్దున్న ఎందుకు రావు దద్దుర్లు?"

మామయ్య వాచీ వైపు చూశాడు. "పొద్దున్న స్ప్రింగు బిగువుగా ఉంటుంది" అన్నాడు.

"ఎవరి స్ప్రింగు?"

ఆయన సీసా ఉన్న జేబుమీద చెయ్యి వేసుకున్నాడు. అత్తయ్య గొంతు తగ్గించింది. అది ఆవిడ అరవడంకన్నా ప్రమాదం.

"నేను రూపాయి గుడ్డ కొయ్యాలన్నా రెండుసార్లు కొలుస్తాను. మీరు పిల్ల మందు కొయ్యబోయేముందు డాక్టర్ని ఒక్కసారైనా అడగరా?"

ఆయన ఫోను తీసేలోపే ఆవిడే తీసి డాక్టరమ్మ క్లినిక్కుకు చేసింది. ఎత్తిన నర్సు డాక్టరమ్మను కనుక్కుని వచ్చి, వీధి చివరికి వినబడేట్టు చెప్పింది. "ఆపొద్దమ్మా! రెండేళ్ళుగా వాడుతున్న మందు, ఇప్పుడు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. పొద్దున్నే రండి. పిల్లనీ, సీసానీ, మీ పుస్తకాన్నీ, ఇంట్లో పిల్లకి తినిపించేవాళ్ళందర్నీ తీసుకురండి. ఈలోపు పెదవి వాచినా, ఊపిరి ఎగబీల్చినా తిన్నగా ఆస్పత్రికి వెళ్ళండి. ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు."

సాయంత్రం సిరప్ పొయ్యడం మామూలుగా మామయ్య పని. తాగగానే అలారం వెళ్ళి అమ్మమ్మ ఒళ్ళో వాలేది. ఆరోజు అత్తయ్యే పోసి, పిల్లను తన ఒళ్ళోంచి కదలనివ్వలేదు. మామయ్య ఎదురుగా వాచీ పట్టుకుని నిలబడ్డాడు. పదిహేను నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి, అరగంట గడిచింది. ఒక్క దద్దురూ లేవలేదు.

"రాలేదే" అన్నాడు మామయ్య.

"బాధగా ఉందా?" అంది అత్తయ్య.

మర్నాడు అందరం వెళ్ళాం. డాక్టరమ్మ పుస్తకాన్ని శ్రద్ధగా చదివింది. చివరిపేజీ దగ్గర ఆగి, పట్టీ మొత్తం పైకి చదివి, పిల్ల బరువు చూసి, పుస్తకం మూసింది.

"మీ దగ్గరకు ఆగిపోయిన గడియారం తెస్తే, ఇరవై రెండు మరలూ ఒకేసారి ఊడదీస్తారా?"

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆయన సూత్రం ఆయనకే ఇంకొకరు చెప్పడం ఆ రోజే చూశాను.

"ఫిట్స్ వేరు, దద్దుర్లు వేరు" అంది ఆవిడ. "ఒకే పిల్లకు రెండూ ఉండొచ్చు. ఒకే ఇంట్లో ఉన్నంతమాత్రాన అవి చుట్టాలు కావు. ఆరోజు ఫిట్స్ తెచ్చింది టమాటా అయ్యుండదు. నిద్రలేదు, కడుపులో ఏమీ లేదు. అలాంటప్పుడు వస్తుంటాయి. ఇక దద్దుర్లు మొదలై మూడు నెలలు. మూడు నెలల కిందట ఇంట్లో కొత్తగా ఏం మారింది?"

"ఏమీ మారలేదండీ" అన్నాడు మామయ్య.

"నాయనమ్మ వచ్చింది" అంది అలారం.

గదిలో అందరం అమ్మమ్మ వైపు చూశాం. అమ్మమ్మ పంకా వైపు చూసింది.

డాక్టరమ్మ అలారాన్ని దగ్గరకు పిలిచింది. "మందు చేదుగా ఉంటుందా?"

"ఊఁ."

"మరి తాగాక నోరు చేదుగా ఉండదూ?"

"ఉండదు."

"ఎందుకుండదు?"

అలారం రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అమ్మగారూ, మీరేమైనా పెట్టారా?"

"అయ్యో, నేనేం పెట్టలేదమ్మా. తిండి అనదగ్గది ఏదీ పెట్టలేదు."

"తిండి అనదగనిది?"

అమ్మమ్మ సంచిలోంచి తన బీపీ మాత్రల డబ్బా తీసింది. వారానికి ఏడు గదులుండే ప్లాస్టిక్ డబ్బా. ఆ ఇంట్లో దాన్ని ఆవిడ తప్ప ఎవరూ ముట్టుకోరు. సోమవారం నుంచి శనివారం దాకా మాత్రలే ఉన్నాయి. ఆదివారం గది నిండా జీడిపప్పు.

"ఆదివారం మాత్ర సోమవారం గదిలో సర్దుకుంటాలే" అంది అమ్మమ్మ, ముందు ఆ సందేహం తీర్చాలన్నట్టు. "రోజూ కాదమ్మా. ఏడ్చిన రోజు మాత్రమే, సగం పలుకు. నోరు చేదు పోవడానికి. సగం పలుకు తిండెలా అవుతుంది?"

"అమ్మా!" మామయ్య లేచి నిలబడ్డాడు. "నా పుస్తకం ఉండగా..."

"నీ పుస్తకం నాకు తెలుసురా. ఈ పిల్లచేత నాలుగుసార్లు చదివించుకున్నా. వద్దన్నవి ఇరవై రెండు. అందులో జీడిపప్పు లేదు. ఉంటే పెడతానా నేను?"

నిజమే. నాలుగుసార్లూ చదివింది నేనే. నా చదువు బాగుందనుకుని వింటోంది అనుకున్నాను. ఇంట్లో ఎవరూ పెట్టడం లేదు కాబట్టి జీడిపప్పును అనుమానించాలని ఎవరికీ తట్టలేదు. అత్తయ్య కిటికీవైపు తిరిగి నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"మరి శనివారం?" అని అడిగింది డాక్టరమ్మ మెల్లగా.

"శనివారం... చిక్కిపోయిందని రెండు పెట్టాను." అమ్మమ్మకు అప్పుడు అర్థమైంది. డబ్బా మూత రెండుసార్లు మూసినా పడలేదు.

సాయంత్రానికి వచ్చిన రక్తపరీక్షలోనూ అదే తేలింది. జీడిపప్పు, దాని దాయాది పిస్తా ఇంటి గడప తొక్కకూడదు. సగం పలుకైనా చాలు, పడని పిల్లకు ప్రాణం మీదకు రావచ్చు. మళ్ళీ వాపు వస్తే వెయ్యాల్సిన ఇంజెక్షన్ ఇచ్చి, ఎలా వెయ్యాలో మామయ్యకూ, అత్తయ్యకూ, నాకూ నేర్పారు. సిరప్ ఏ మార్పూ లేకుండా సాగాలి. మిగతా ఇరవై రెండూ అలారం మొన్నటిదాకా హాయిగా తిన్నవే కాబట్టి మళ్ళీ పెట్టవచ్చు.

"వారానికొకటి చొప్పున పెట్టి చూస్తానండీ" అన్నాడు మామయ్య.

"అప్పటికి దీనికి ఏడేళ్ళు నిండుతాయి. మీ తృప్తి కోసం రోజుకు రెండు. ఇవాళే మొదలుపెట్టండి."

ఇంటికి రాగానే అమ్మమ్మ పెట్టె సర్దడం మొదలుపెట్టింది. చిన్న కొడుకు దగ్గరకు వెళ్ళిపోతానంది. ఈ చేతులతో ఆ పిల్లకు మంచినీళ్ళు కూడా ఇవ్వనంది. అత్తయ్య నచ్చజెప్పింది, వినలేదు. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడి, ఏం చెప్పాలో తెలియక, ఆవిడ మడతపెట్టిన చీర మళ్ళీ మడతపెట్టి వచ్చేశాను.

ఏడూ ఇరవై అయ్యింది. అత్తయ్య సిరప్ మూతలో పోసి తెచ్చింది. అలారం పెదవులు బిగించింది. నాయనమ్మ వస్తేనే తాగుతానంది. బుజ్జగించారు, బెదిరించారు, నేను ఒక కథ కూడా చెప్పబోయాను. లాభం లేదు. మందు వెళ్ళాల్సిన టైముకు వెళ్ళకపోతే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. అలారానికి కూడా తెలుసు, అదే దాని బలం.

మామయ్య అమ్మమ్మ గది గుమ్మం దగ్గరకు వెళ్ళాడు.

"అమ్మా, ఏడున్నర కావస్తోంది."

"కానీ."

"నువ్వు పక్కనుంటేనే తాగుతుందట."

"నేనెందుకురా, పిల్ల ప్రాణం మీదకు తెచ్చినదాన్ని."

మామయ్య గడపమీద కూర్చున్నాడు. "నువ్వు చేసింది ఒక్క తప్పు. నేను ఇరవై రెండు చేశాను."

అమ్మమ్మ చీర మడత ఆపి కొడుకును చూసింది. "ఇరవై మూడు. మందు ఆపబోయావు."

"ఇరవై మూడు" అని ఒప్పుకున్నాడు మామయ్య.

అప్పుడు లేచింది అమ్మమ్మ. వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. అలారం ఒక్క గుక్కలో మందు తాగేసి, నోరు తెరిచి, పిట్టపిల్లలా ఆవిడవైపు చూసింది. అమ్మమ్మ చేతులు ఒళ్ళోంచి పైకి లేవలేదు. అత్తయ్య వంటింట్లోంచి ఆపిల్, చాకు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"పట్టీలోంచి ముందుగా ఇదే పెడదాం, అత్తయ్యా. మీరే కొయ్యండి."

అమ్మమ్మ సన్నగా ఒక ముక్క కోసింది. మామయ్య, అత్తయ్య, నేను చుట్టూ మూగాం. ముగ్గురం అలారం పెదవినే చూస్తున్నాం. అలారం ముక్కను నోటిదాకా తెచ్చి ఆపేసింది.

"అందరూ అలా చూస్తే నేను తినను. అటు తిరగండి."

"ఒసే, చూడాలే" అన్నాడు మామయ్య.

"నేను చూస్తాగా. తిరుగు" అంది అమ్మమ్మ.

ముగ్గురం గోడవైపు తిరిగాం. వెనకాల కరకరమని చప్పుడయింది. కాసేపు ఆగి, చాకు చప్పుడు, మళ్ళీ కరకర. నెమ్మదిగా నమలమని అమ్మమ్మ మందలిస్తోంది.

"అయిందా?" అని గోడనే అడిగాడు మామయ్య.

"అవలేదు" అంది అలారం, నోటినిండా పెట్టుకుని.